చెంచుల అల్లుడిగారి ఊరికి

అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా, అందుకే కొండల్లో తొమ్మిది చోట్ల నరసింహస్వామి గుళ్ళున్న అహోబిలం అనగానే నేనే వద్దన్నా. "నువ్వు తొమ్మిది నరసింహుల్నీ చూసుకో, నాకు దొరికినంత నేను చూసుకుంటా, పోటీయా ఏంటి" అంది. ఇంక మాట్లాడ్డానికేముంది, మొన్న కార్తీకంలో ఓ శుక్రవారం రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో నేనూ, అమ్మా, మా బావా కారెక్కాం. జడ్చర్ల, కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ... దాదాపు 350 కిలోమీటర్లు. బావ డ్రైవింగ్, నేను పక్కన కూర్చుని నిద్రపోకుండా ఉండే డ్యూటీ, కర్నూలు దాటాక ఆ డ్యూటీ కూడా చెయ్యలేదనుకోండి. ఆళ్ళగడ్డలో తెల్లారింది, రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో సగం చెక్కిన దేవుళ్ళు దుమ్ములో నిలబడున్నారు, కొందరికి ఇంకా మొహాలే రాలేదు.

రూమ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. ఫోన్‌లో గీజరుందన్నాడు, నిజమే, గీజరుంది, దానికి వైరు లేదు.

దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి విజయనగరం కాలం నాటి పెద్ద కట్టడం, కృష్ణదేవరాయల జయస్తంభం ఉన్నది ఇక్కడే. 1398లో మొదలైందని చెప్పే అహోబిల మఠానికి మూలం కూడా ఈ ఊరే, వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో, అంటే ఆళ్వార్లు పాడిన క్షేత్రాల్లో ఒకటి కాబట్టి తమిళం వాళ్ళ బస్సులు కూడా చాలానే కనిపించాయి. ఇంత పేరున్నా ఊరు మాత్రం ఊరే. గుడి ముందు గేదెలు, అరుగు మీద పేపరు చదివే పెద్దాయన, ఏ సందులోంచి చూసినా ఎదురుగా నల్లమల.

అసలు కథంతా ఎగువ అహోబిలంలో ఉంది. ఎనిమిది కిలోమీటర్లు పైకెళ్ళాక కారు ఆపేసి, గుహలో ఉగ్ర నరసింహుణ్ణి చూసుకుని బయటికొస్తే అక్కడ కర్రలమ్ముతున్నారు. ఒక్కోటి ఇరవై, తిరిగిచ్చేస్తే పది వెనక్కిస్తారంట. అమ్మ ఒకటి తీసుకుంది, నాకెందుకులే అన్నా. పావుగంట తర్వాత పాచి పట్టిన రాయి మీద జారి భవనాశి ఏట్లో మోకాలి దాకా దిగినప్పుడు, వెనకాల ఒకాయన "కర్ర తీస్కోకపోయినావా సామీ, నిదానంగా పో" అన్నాడు. బావ నవ్వాడు చూడండి, అది మాత్రం ఈ జన్మకి మర్చిపోను.

ఈ భవనాశి చాలా పెద్ద నదేం కాదు, కానీ లోయ మొత్తం దానిదే. దారి దాని పక్కనే వెళ్తుంది, ఒక చోట వంతెన, ఒక చోట బండరాళ్ళ మీద గెంతుడు. కిలోమీటరు దూరంలో ఒడ్డునే క్రోడ నరసింహుడు, అంటే వరాహం. అమ్మ అక్కడిదాకా వచ్చి "నాది అయిపోయింది, మీరు పోయి రండి" అని బండ మీద కూర్చుంది. పక్కన ఒక చెంచు ఆవిడ సీతాఫలాలు పెట్టుకుని కూర్చునుంది, సరే తోడుందిలే అని మేం కదిలాం.

జ్వాలా నరసింహుడి దగ్గరికి చివరి మెట్లు ఎక్కేటప్పుడు ముందు చప్పుడే వినిపిస్తుంది. కొండ అంచు మీంచి నీళ్ళు పడుతుంటాయి, ఆ ధారకీ కొండకీ మధ్య సన్నగా దారి, కమ్మీ పట్టుకుని తడుస్తూ వెళ్ళాలి. లోపల ఎనిమిది చేతుల నరసింహుడు, ఒళ్ళో హిరణ్యకశిపుడు, సంహారం జరిగిన చోటు ఇదేనంటారు. అంత ఉగ్రరూపం చూస్తూ ఉంటే వెనకనుంచి చల్లటి తుంపర మెడ మీద పడుతోంది, నాకు భయం వెయ్యాలా హాయిగా ఉండాలా అర్థం కాలేదు. దగ్గర్లోనే రక్తకుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటంటారు, చూడ్డానికి ఎర్రగా ఉంటుంది, దోసిట్లోకి తీస్తే మామూలు నీళ్ళే. పైన ఉగ్రస్తంభం కనిపించింది, నిట్టనిలువుగా చీలిన కొండ, స్వామి బయటికొచ్చిన స్తంభం అదేనంటారు. బావ పోదామన్నాడు, నేను దణ్ణం పెట్టేసి కిందికి దిగా. దార్లో ఇంకో నరసింహుడు, మాలోలుడు. కొండ మీద మూలమూర్తి ఉంటే ఉత్సవమూర్తి మాత్రం మఠాధిపతి జీయరుగారితో ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు.

ఇది అమ్మకి చెప్దామని వస్తే అమ్మ దగ్గర నాకంటే పెద్ద కథ రెడీగా ఉంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళి చేసుకున్నాడు కదా, అందుకని ఆ చెంచావిడ లెక్కలో ఆయన దేవుడి కంటే ముందు వాళ్ళింటి అల్లుడు. కనుమ నాడు పార్వేటకి, అంటే వేట ఉత్సవానికి బయల్దేరి నలభై రోజుల పైనే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని తనే పిలిచొస్తాడంట. "అల్లుడు ఇంటికొస్తే ఊరకుంటామా అమ్మా, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు పెడతాం" అందట ఆవిడ. అమ్మ ఆ మాట చెప్పి నా వైపు చూసింది, "ఇంత కొండెక్కి నువ్వు చూసొచ్చావ్, ఆయన వాళ్ళ గుమ్మంలోకే వస్తాడు చూడు" అంది. నేనేం అన్లేదు, తడిసిన సాక్సు పిండుకుంటున్నా.

రెండో రోజు కింద ఉన్నవి కార్లోనే చూశాం. కారంజ నరసింహుడి గుళ్ళో స్వామి చేతిలో విల్లుంటుంది, రాముడే కావాలని హనుమంతుడు పట్టుబడితే అలా కనిపించాడంట. ఛత్రవట నరసింహుడైతే గంధర్వుల పాటకి చేత్తో తాళం వేస్తున్నట్టే ఉంటాడు, తొమ్మిది మందిలో నాకు బాగా నచ్చింది ఆయనే. తొమ్మిది అన్నా గానీ పావన నరసింహుడు మిగిలిపోయాడు, అడవిలో జీపులో పోవాలి, అమ్మ నడుం ఒప్పుకోలేదు.

వచ్చేటప్పుడు అమ్మ తన కర్ర తిరిగివ్వనంది. పది రూపాయలు పోతే పోయాయి అని కార్లో వెనకసీట్లో అడ్డంగా పెట్టించింది. ఇప్పుడది మా బాల్కనీలో ఉంది, పొద్దున్నే పావురాల్ని తోలడానికి వాడుతోంది. కనుమకి లీవు పెట్టమని ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.