ఏసీ గది మింగిన సూర్యోదయం

నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో గది అద్దె 1,400. ఏసీ కావాలంటే ఇంకో 600. మే నెల. ప్రొద్దుటూరు ఎండలకు కాలి గట్టిపడిన ఒళ్లే మాది, కానీ సముద్రం పక్కన ఉక్క వేరు. మా ఊళ్లో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, అక్కడ పట్టింది పట్టినట్టే ఉంటుంది. మా బామ్మర్ది నా మొహం చూశాడు. ఆరు వందలూ తీసిచ్చాను.

మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరేసరికే నడుములు పోయాయి. అక్కణ్ణుంచి మళ్లీ పాతిక కిలోమీటర్లు. సముద్రంలోంచి లేచే సూర్యుణ్ణి ఫొటో తీయాలని నా ఆశ. గండికోట పక్కనే ఉండగా అంతదూరం దేనికని ఇంట్లో అననే అన్నారు.

నాలుగున్నరకే లేచాం. సూర్యోదయం ఐదూముప్పావుకి. అసలు రంగులన్నీ అంతకుముందు అరగంటలోనే. ముందు నీలం, తర్వాత అంచున నారింజ. సూర్యుడు కాస్త పైకెక్కాడంటే వెలుగు తెల్లగా కొట్టేస్తుంది. అందుకే కెమెరాలో వెలుతురు కొలతలు, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11, అన్నీ గదిలోనే సెట్ చేసుకున్నాను. ఒడ్డున మూడుకాళ్ల ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా బిగించి చూస్తే అంతా పొగ.

మంచేమో అనుకుని తలెత్తాను. చుక్కలు కనబడుతున్నాయి. లెన్స్ మీద మాత్రం పాలు పోసినట్టుంది. తుడిచాను, మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాను.

"బావా, నీ కెమెరాకు శుక్లాలొచ్చినాయి" అన్నాడు బామ్మర్ది.

రాత్రంతా ఏసీలో చల్లబడిన గాజుకు బయటి తేమగాలి తగిలితే ఇంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు నీళ్లు పట్టినట్టే. మా పొడిగాలిలో ఇన్నేళ్లుగా తిప్పుతున్నాను, ఒక్కసారీ ఇట్లా కాలేదు. ఆరు వందలు పోసి మరీ తెచ్చుకున్న తెగులు.

టీ బండి పెద్దమ్మ అంతా చూస్తూనే ఉంది. "తుడవబాక నాయనా, గీతలు పడతాయి. ఇట్టా పొయ్యి పక్కన పెట్టుకో. ఫొటోలోళ్లు ఎవరొచ్చినా ఇదే గోల" అంది. పొయ్యికి మూరెడు దూరంలో కెమెరా ఒళ్లో పెట్టుకుని, పసిబిడ్డకు కాపడం పెడుతున్నట్టు కూర్చున్నాను. టీ 15 రూపాయలు, రెండు తాగాను. నీలం పోయింది. నారింజా పోయింది. పడవల వెనక ఎర్రటి ముక్క లేచి, గుండ్రమై, నీళ్లను వదిలేసింది. ఆ ముక్క లేచినప్పుడు బామ్మర్ది నిక్కరు జేబులోంచి ఫోన్ తీసి టకటకా నాలుగు నొక్కాడు. జేబులో వెచ్చగా ఉన్న ఫోన్‌కు ఏ తెగులూ లేదు. నా లెన్స్ తేటపడేలోపే వాడి ఫొటో ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంది. "బావకంటే నువ్వే నయం" అని నా భార్యే పెట్టింది.

ఆ రోజు పగలంతా ఏం చేశామో గుర్తులేదు. ఈ రాత్రికి ఏసీ వద్దు, ఆరు వందలు తగ్గించమని అడిగాను. "రెండ్రోజులకూ ఏసీ గదే తీసుకున్నారు సార్. స్విచ్ మీ చేతిలోనే ఉంది, వేసుకోకపోతే నేనేం చేసేది?" అన్నాడు గది ఆయన. డబ్బు కట్టి ఉక్కలో పడుకున్నాను. బామ్మర్ది తిట్టుకుంటూ మిద్దెమీదికి పోయాడు.

మర్నాడు లెన్స్ కడిగిన ముత్యంలా ఉంది. ఈసారి ట్రైపాడ్ తగులుకుంది. అల వెనక్కి పోతూ దాని కాళ్ల కింద ఇసుక లాగేస్తుంటే, రెండు సెకన్లపాటు తీసే ఫొటో కూడా చెదిరిపోయింది. కాళ్లను జానెడు లోతుకు దిగగొట్టాక గానీ నిలవలేదు. తీసిన ప్రతి ఫొటోలోనూ సముద్రం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. చెయ్యి వంకరని అప్పుడు తెలిసింది. గండికోట బండమీద ట్రైపాడ్ పెడితే కదలదు, పెన్న లోయలో సముద్రపు అంచులాంటి తిన్నని గీత కనబడదు. అక్కడ తీసినవీ వంకరే అయ్యుంటాయి, చూసేవాళ్లకు తెలియలేదు, అంతే.

నిలిచింది ఒక్క ఫొటో. అందులో సూర్యుడు లేడు. అల పోయిన తడి ఇసుక మీద నారింజ రంగూ, ఎవరివో రెండు అడుగులూ.

ఇంటికొచ్చి ట్రైపాడ్ తీస్తే కాళ్లు కరకరమంటూ బిగుసుకుపోయాయి. ఉప్పు పట్టకముందే మంచినీళ్లతో కడగాలని పెరట్లో విప్పదీశాను. బండమీద గుప్పెడు ఇసుక పడింది. అమ్మ వచ్చి చూసింది.

"పెన్నలో ఇసక లేదనా, సముద్రం దాకా పోయి మోసకొచ్చినావు?"