రాకీ కడుపు పద్దు

మా కుక్క రాకీకి కడుపు చెడినప్పుడల్లా ఏం తింది, ఎన్నిసార్లు వెళ్లింది, మలం ఎలా వచ్చింది అని నోట్‌బుక్‌లో రాసుకోవడం నాకో హాబీ అయిపోయింది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు గానీ, వెట్ (పశువుల డాక్టర్) ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పేది మాత్రం నేనే. ఈ వారం లూజ్ మోషన్స్ మళ్లీ మొదలయ్యాయి, ఆ పేజీలే ఇవి.

మొదటి రాత్రి

పదేపదే తలుపు గీకింది. బయటికెళ్తే ముక్కుతూ కూర్చోవడం, కొంచెమే రావడం, చివర్లో తెల్లటి జిగురు. ఇది పెద్దపేగు గొడవ. చిన్నపేగు చెడితే తీరు వేరు: అంత తొందర ఉండదు, కానీ వెళ్లినప్పుడల్లా ఎక్కువగా పోతుంది, కొన్నాళ్లు సాగితే కుక్క చిక్కిపోతుంది. ఎర్రటి రక్తపు చార సాధారణంగా పెద్దపేగు నుంచే. ఒక్క చార కనబడి, కుక్క హుషారుగా ఉంటే వెట్‌కి ఫోన్ చేసి చెప్పి కనిపెట్టుకుని ఉంటాను. తారులా నల్లగా, జిగటగా వస్తే పైన ఎక్కడో రక్తం కారుతోందేమో అనుకోవాలి. అప్పుడిక ఇంట్లో చేసేదేమీ లేదు, నేరుగా క్లినిక్‌కే.

పై పెదవి ఎత్తి చూశాను. చిగురు గులాబీ రంగులో, తడిగా ఉంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే రంగు తిరిగొచ్చింది. చిగురు వేలికి అతుక్కుంటున్నట్టుంటే ఒంట్లో నీరు తగ్గుతోందన్నమాట. భుజాల మధ్య చర్మం లాగి వదిలే పరీక్ష కూడా చేస్తాను గానీ దాని మీద నాకంత నమ్మకం లేదు. ముసలి కుక్కకి, బక్క కుక్కకి చర్మం ఎలాగూ నెమ్మదిగానే దిగుతుంది. లావు కుక్కకి నీరు తగ్గినా టక్కున దిగిపోతుంది. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కలకైతే కింది కనురెప్ప లోపల చూడొచ్చు. థర్మామీటర్ వెనక నుంచి పెడితే 38.7 డిగ్రీల సెల్సియస్. 38.3 నుంచి 39.2 దాకా మామూలే. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది నేను లెక్కలోకి తీసుకోను.

వాంతులు లేవు, తోక ఊపుతోంది. ఇంట్లోనే చూసుకుందాం అనుకున్నాను.

మర్నాడు

ఒక రోజు పస్తు పెట్టడం పాత పద్ధతి. వాంతులు లేకపోతే తిండి పూర్తిగా మాన్పించక్కర్లేదని ఇప్పుడు చాలామంది వెట్‌లు చెబుతున్నారు, పేగు లోపలి పొర కోలుకోవడానికి కూడా తిండి కావాలి. కుక్కపిల్లల్ని, బాగా చిన్న జాతుల్ని అయితే పస్తు పెట్టకూడదు, రక్తంలో షుగర్ పడిపోతుంది. నీళ్లు మాత్రం ఎవరికీ ఆపొద్దు. వాంతులుంటే ఒకేసారి గిన్నెడు కాకుండా కాసిని కాసిని పోయాలి.

తోలు, ఎముకలు తీసేసిన చికెన్ ఉడకబెట్టి, పైన తేలిన కొవ్వు తీసేశాను. చికెన్ ఒక కప్పుకి మెత్తటి తెల్లన్నం రెండు కప్పులు. ఉప్పు, నూనె లేవు. ఉల్లి, వెల్లుల్లి అసలే లేవు, అవి కుక్క ఎర్రరక్తకణాల్ని పాడుచేస్తాయి. దీన్ని రోజుకు నాలుగు పూటలుగా పంచాను. ఒక పూటలో ఉడికించి మెదిపిన గుమ్మడికాయ ఒక చెంచా కలిపాను. ఈ పథ్యం రెండు మూడు రోజులకే, అందులో కాల్షియం లాంటివి సరిపడా ఉండవు.

మన మందుల డబ్బా జోలికి పోను. ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ కోలీ లాంటి కొన్ని జాతుల్లో జన్యులోపం వల్ల మెదడులోకి చేరి ప్రమాదమవుతుంది. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా అంతే. మామూలు విరేచనాలకి చాలాసార్లు అది అక్కర్లేదు, పైగా పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది.

తర్వాతి రోజులు

మలానికి 1 నుంచి 7 దాకా మార్కులేస్తాను. 1 అంటే గట్టి ఉండలు, 7 అంటే ఉత్త నీళ్లు. ఎత్తినప్పుడు నేల మీద మరక మిగలకపోతే 2. తడి మరక మిగిలినా ఆకారం చెడకపోతే 3. మొదటి రాత్రి 6, తర్వాత 5, ఇప్పుడు 3. మధ్యలో ఒక రోజు అసలు వెళ్లలేదు. పేగు ఖాళీ అయ్యాక అది మామూలే, కంగారుపడి మందేమీ పట్టించక్కర్లేదు.

పాత పేజీలు తిరగేస్తే ఒక సంగతి తేలింది: ఇలాంటి రాత్రులకి ముందు దాదాపు ప్రతిసారీ కొత్త ట్రీటో, కొత్త ఫుడ్డో ఉంది. అందుకే ఇప్పుడు పాత ఫుడ్డుకి తిరిగి రావడం కూడా మెల్లగానే, పావు వంతు కలిపి మొదలుపెట్టాను. పూర్తిగా కొత్త ఫుడ్డుకి మార్చాలంటే వారం నుంచి పది రోజులు తీసుకుంటాను. పొద్దున్నే పచ్చటి నురగ కక్కడం అనే ఇంకో సమస్య ఉండేది. రాత్రి పడుకునే ముందు గుప్పెడు తిండి పెట్టడం మొదలెట్టాక తగ్గింది. కడుపు రాత్రంతా ఖాళీగా ఉండటమే కారణమై ఉండాలి.

పుస్తకం అట్ట లోపల ఎర్ర పెన్నుతో రాసుకున్నవి కొన్నున్నాయి, వాటికి ఆగేది లేదు: పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోవడం (కడుపు మెలిపడి ఉండొచ్చు, గంటల్లో ప్రాణం పోతుంది), టీకాలు పూర్తికాని కుక్కపిల్లకి వాంతులు, రక్త విరేచనాలు (పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం), నీళ్లు కూడా నిలవకపోవడం, చిగుళ్లు పాలిపోవడం, ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ లాంటివి తినడం.

ఈసారి తగ్గినా మలం శాంపిల్ ఇవ్వాలనుకుంటున్నాను. జియార్డియా అనే పేగుల్లోని పరాన్నజీవి ఒక్క శాంపిల్‌లో దొరక్కపోవచ్చు, అందుకని వేర్వేరు రోజులవి తీసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వాలి. ఫ్రిజ్‌లో ఏ అర అన్నదాని మీద ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది.