అదే పదివేలు

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు బలితో అన్న మాట ఇది. నర్మద ఉత్తరపుటొడ్డున యాగం జరుగుతోంది. వడుగు, అంటే బ్రహ్మచారి బాలుడిగా వచ్చిన వామనుడు, అడిగింది మూడడుగుల నేల. బలికి అది పసివాడి కోరికలా తోచింది. దానికి జవాబుగా వచ్చిన కందం ఇది.

చదివేటప్పుడు ‘బదివేలు’ దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. అది ‘పదివేలే’. ముందున్న ద్రుతం (‘లేశమైనన్’ చివరి నకారం) వల్ల పకారం బకారమైంది. ‘దొరికిందే పదివేలు’ అని మనం ఇవాళ్టికీ అనుకునే మాట అదే కదా! ‘వ్యాప్తి’, ‘ప్రాప్తి’ రెండూ ‘ఆప్’ ధాతువు నుంచే పుట్టాయి. మొదటిది మనసు నలుదిక్కులా పాకడం, రెండోది మన దాకా వచ్చి చేరడం. పాకకుండా, లేనిదానికి వగవకుండా, చేరినదాన్ని పదివేలుగా చూడమంటున్నాడు వామనుడు. అలా తృప్తి పడనివాడు ఏడు దీవులు దొరికినా కుదుటపడతాడా అని అడుగుతున్నాడు.

పని మానుకోమని ఇందులో ఎక్కడా లేదు. ఈ పద్యాన్ని సోమరితనానికి సాకుగా వాడితే చాలా బాధ కలుగుతుంది. యోగసాధకుడికి పతంజలి చెప్పిన నియమాల వరుసలో సంతోషం, అంటే తృప్తి, పక్కనే తపస్సు ఉంది. యోగసూత్రం 2.42 సంతోషం వల్ల సాటిలేని సుఖం కలుగుతుందంటుంది. దగ్గరున్న సాధనాన్ని మించి కోరకపోవడమే సంతోషమని ఆ సూత్రాల వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం వివరణ.

మరి తృప్తి ఎక్కడ చెడుతుంది? కొలతను చివరికి వదిలేసిన చోట. వామనుడు కొలత ముందే చెప్పాడు: మూడడుగులు, అవీ తన పాదంతో. మనం ముందు సంపాదించి, ఎంత కావాలో తర్వాత చూద్దామనుకుంటాం. అప్పటికి కోరిక ఇంకో మెట్టెక్కి కూర్చుంటుంది. ఏడు దీవులేలిన పృథువు, గయుడు లాంటివాళ్లకే ఆశ అంతు దొరకలేదని సంస్కృత మూలంలో వామనుడే అంటాడు.

సాధన విస్తరి దగ్గర మొదలుపెట్టవచ్చు. కూర్చోగానే ఎన్ని గరిటెల అన్నమో మనసులో అనుకోవాలి. ఆ లెక్క పూర్తవగానే, వడ్డించేవారి చేయి ఇంకా పైన ఉండగానే, విస్తరికి అరచేయి అడ్డుపెట్టాలి. పొట్ట నిండి ఆయాసమొచ్చాక అడ్డుపెట్టే చేతికి, దీనికి పోలిక లేదు. నెల సరుకుల చీటీకీ ఇదే పద్ధతి: ఇంట్లోనే రాసుకోవాలి, కొట్లో నిలబడి రాయకూడదు. వామన జయంతి, భాద్రపద శుద్ధ ద్వాదశి, దీన్ని మొదలుపెట్టడానికి మంచి రోజు.

ఈ ఘట్టంలోనే ‘సంతుష్టుఁడీ మూఁడు జగములఁ బూజ్యుండు’ అనే సీసం కూడా నోటికి రావాలి. తృప్తి లేకపోతే నీటిధారకు నిప్పు ఆరినట్టు మనిషిలో వెలుగు ఆరిపోతుందని అందులో ఉంది. బలి రాజు కదా అని అన్నీ అడగడం తగదని, తనకు తగినంతే ఇమ్మని చెప్పి, సీసం చివర వచ్చే చిన్న పద్యమైన ఎత్తుగీతిని వామనుడు రెండు మాటలతో ముగిస్తాడు. విస్తరి మీద అరచేయి పెట్టి మనం అనేవీ ఆ రెండే: ‘చాలుఁ జాలు’.