జిమ్ మానేశాకే నా షుగర్ దిగింది – నా అనుభవం

నిన్న రిపోర్టు చేతికొచ్చింది. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 5.6. ఎండాకాలం మొదట్లో 6.2 ఉండేది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టే. నాకు 46 ఏళ్లు, హనుమకొండలో రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. డాక్టర్ మందులు రాయలేదు. నడవండి, బరువు తగ్గండి అన్నారు, అంతే.

నన్ను ఏడిపించింది జిమ్. ఇంటి దగ్గరే ఉందని మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టించుకున్నారు. మొదటి రోజే చెప్పులు విప్పించి, రెండు చేతులకూ పిడులిచ్చి ఒక మెషిన్ ఎక్కించారు. చీటీ రాగానే ట్రైనర్ అందరికీ వినపడేలా చదివాడు.

"అంకుల్, మీ బాడీ ఏజ్ 59 చూపిస్తున్నది. పర్సనల్ ట్రైనింగ్ లేకుంటే మీతోని కాదు."

అద్దం ముందు డంబెల్స్ ఎత్తుతున్న పిల్లలు ఆగి మరీ నా పొట్ట వైపు చూశారు. అందరూ నా కొడుకు ఈడు వాళ్లు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మెషిన్ ఒంట్లోకి సన్నగా కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి కొవ్వు లెక్క కడుతుంది. నీళ్లు తాగి ఎక్కితే ఒకలా, చెమట కారాక ఎక్కితే ఇంకోలా చూపిస్తుంది. ఆ చీటీ పట్టుకుని మనిషిని బెదిరించడం వ్యాపారం కూడా కాదు, దుర్మార్గం.

నెలకు ఎనిమిది వేల ప్యాకేజీ, దాని మీద ప్రోటీన్ డబ్బా. నేను వద్దన్నాక పలకరించిన వాడు లేడు. ఒక మెషిన్ ఎట్లా వాడాలని అడిగితే "అది పీటీ వాళ్లకే చెప్తం అంకుల్" అన్నాడు. మిగిలిన డబ్బులు అడిగితే రశీదు వెనకాల చిన్న అక్షరాలు చూపించారు. ఆ డబ్బా సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పింది. గుడ్లు, పప్పు, పల్లీలు మనింట్లో లేవా?

తర్వాత ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోవడం మొదలుపెట్టాను. తెల్లారకముందే కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు లాంటి పరీక్షలకు, తయారయ్యే పిల్లలు అక్కడుంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆ పిల్లలు కాన్వాస్ బూట్లతోనే అది సాధిస్తున్నారు. వాళ్లలో పరకాల వైపు నుంచి వచ్చిన ఒకడు నా అవస్థ చూసి తనే దగ్గరికొచ్చాడు.

"కాకా, నేల మీద ఇప్పుడే వద్దు. గోడకు చేతులు పెట్టి పుషప్స్ తియ్యి. అది అలకగైనంక మెట్టు మీద, ఆ తర్వాత నేల మీద."

మోచేతులు ఎక్కడుండాలో, నడుం వంగకుండా ఎట్లా ఉండాలో చేసి చూపించాడు. ఒక్క పైసా అడగలేదు. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క నాకు అక్కడే నిండింది. ఆదివారాలు భద్రకాళి బండ్, అదే చెరువు కట్ట, మీద నడుస్తాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పద్మాక్షి గుట్ట మెట్ల జోలికి పోకండి, చదునైన బండ్ మేలు. ఖర్చు పెట్టాలనుకుంటే మడమ దగ్గర మెత్తగా ఉండే బూట్లకు పెట్టండి. రక్తపరీక్ష ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి.

జిమ్ డబ్బుల కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. ఇంకా తేలలేదు. తేలేదాకా వదిలేది లేదు.