డ్రమ్ముకూ గాలి కావాలి

పోయినేడు ఏప్రిల్‌లో నల్లగొండలో మా డాబా మీద 60 లీటర్ల నీలం డ్రమ్ము పెట్టాను. వంటింటి తడి చెత్త వేసి మూత గట్టిగా బిగించాను. ఈ ఎండలకు మూడు నెలల్లో ఎరువు కాకుండా ఎక్కడికి పోతుందని నా ధైర్యం.

పదో రోజు మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు. పైన బత్తాయి తొక్కలు ముద్దకట్టి, అడుగున నల్లటి నీళ్లు. పక్కింటావిడ మెట్లెక్కి వచ్చి మరీ అడిగింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

అత్తమ్మ తొంగి చూసి, "పెంటకుప్పకు మూతేందమ్మా? దానిక్కూడ గాలాడాలె" అంది. వాళ్ల పుట్టింట్లో కొట్టం ఊడ్చిన పెంట కుప్పేసి, ఎండాకాలం బండి కట్టి పొలానికి తోలేవాళ్లు.

ఆమె మాటే నిజం. గాలి అందనిచోట వేరే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటివల్ల పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ కంపు. పైగా చెత్తలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. కర్బనం ఎక్కువుండేది ఎండాకుల్లో. నేను వేసిందంతా తడే.

మేకు కాల్చి డ్రమ్ము చుట్టూ రంధ్రాలు పెట్టాను. అడుగున చిన్న నల్లా బిగించి, ఇటుకల మీద నిలబెట్టాను. మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి బస్తా ఊక తెప్పించి కలిపాను. అది నీళ్లు పీల్చింది గానీ, రెండు నెలలైనా పొట్టు పొట్టులాగే ఉంది. ఊకలో సిలికా ఎక్కువ, తొందరగా మురగదు. ఇప్పుడది అడుగున పరుపు వరకే. గిన్నెడు తడి చెత్తకు రెండు గిన్నెల రాలిన వేపాకు, కానుగాకు వేస్తున్నాను. బత్తాయి తొక్కలు సన్నగా కోస్తాను. చెత్త తొందరగా మురగడానికి అమ్మే పొడులేవీ కొనలేదు, పులిసిన మజ్జిగ నాకు సరిపోయింది.

మూడు రోజులకోసారి కలుపుతాను. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధారగా కారితే ఇంకాస్త ఎండాకు వేస్తాను. చెయ్యి లోపలికి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం తగిలిన మొదటి రోజు అత్తమ్మను పిలిచి ఆమె చెయ్యి కూడా పెట్టించాను.

పెద్ద కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి విత్తనాలు చస్తాయి. మా చిన్న డ్రమ్ములో అంత వేడి పుట్టదు. అందుకే ఆ ఎరువు వేసిన మల్లె కుండీలో టమాట మొలకలు లేచాయి, పదకొండు. పీకబోతుంటే అత్తమ్మ పీకనివ్వలేదు.