సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కారు కొన్నాను: కోపం చల్లారకముందే రాస్తున్న నా అనుభవం

కారు ఇంటికొచ్చింది. పేరు మార్పిడి కాగితాలు నిన్ననే చేతికొచ్చాయి. ఇంకో నెల ఆగితే కోపం చల్లారిపోయి "అంతా సాఫీగానే జరిగింది" అని మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

నేను అడిగినవి పెద్ద కోరికలేం కావు. నడుం నొప్పి ఉన్న మనిషి రెండు గంటలు కూర్చుని దిగినా నిటారుగా నిలబడగలిగే సీటు కావాలి. నాలుగైదేళ్లు మెకానిక్ మొహం చూడక్కర్లేని బండి కావాలి. ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయినా పెట్రోలు తాగేయకూడదు. ఈ మూడూ ఒకచోట దొరికేది హైబ్రిడ్‌లోనే, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారూ ఉన్న కారులోనే. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతది.

ఆ మాట బయటపెట్టగానే చుట్టాలందరిదీ ఒకటే పాట: "అయ్యో, హైబ్రిడ్డా! బ్యాటరీ పోతే ఇంకో కారు కొన్నంత అవుతుంది." చెప్పినవాళ్లలో ఒక్కరింట్లో కూడా హైబ్రిడ్ లేదు. టొయోటా ప్రియస్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1997 డిసెంబరులో. అప్పటినుంచి ఈ తరహా బండ్లు టాక్సీలుగా కూడా లక్షల కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. టొయోటా హైబ్రిడ్‌లో బ్యాటరీని నూటికి నూరు శాతం నింపరు, సున్నాకి దించరు. సుమారు 40 నుంచి 80 శాతం మధ్యలోనే ఆడిస్తారు, అందుకే అన్నేళ్లు వస్తుంది. బ్యాటరీ అసలు పాడవదని అనడం లేదు. పాడవుతుందో లేదో కొనేముందే కొలవొచ్చు అంటున్నాను. ఆ కొలిచే దగ్గరే నాకు జరిగిన మర్యాద గురించి కింద రాస్తాను.

ఏ మోడళ్లు చూడాలన్నది తొందరగానే తేలింది. 2009లో వచ్చిన మూడో తరం ప్రియస్ చవగ్గా దొరుకుతుంది. కానీ దాని 1.8 లీటర్ల ఇంజనులో ఈజీఆర్ దారి (పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపేది) మసితో పూడుకుపోవడం, ఆ తర్వాత హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగం అతుకు దగ్గర కారకుండా ఆపే పట్టీ) పోవడం వయసు మీరిన బండ్లలో అందరికీ తెలిసిన జబ్బే. పైగా నా నడుముకి ఆ సీటు పడలేదు. పెద్ద సెడాన్లలో క్యామ్రీ హైబ్రిడ్, అకార్డ్ హైబ్రిడ్, లెక్సస్ ఈఎస్ 300హెచ్ మిగిలాయి. గేరుబాక్సు గురించి కూడా కొందరు భయపెట్టారు, "సీవీటీ అంటే బెల్టు తెగుతుంది" అని. సీవీటీ అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్ గేరుబాక్సు, మామూలు కార్లలో అది ఎక్కువగా బెల్టుతో నడుస్తుంది. టొయోటా హైబ్రిడ్‌లో ఆ బెల్టే లేదు. ప్లానెటరీ గేర్లు (నడిమి చక్రం చుట్టూ చిన్న పళ్లచక్రాలు తిరిగేవి), రెండు మోటార్లు, అంతే. విడిగా స్టార్టర్ మోటారు లేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ లేదు. లేని వస్తువు ఎలా పాడవుతుందో నన్ను భయపెట్టినవాళ్లే చెప్పాలి.

సౌకర్యం సంగతి వీడియోలు చూసి తేల్చుకునేది కాదు. వీడియో తీసే కుర్రాడికి నడుం నొప్పి ఉండదు. నేను చూసిన ప్రతి కారులోనూ మ్యూజిక్ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, కాళ్లు పెడల్స్ మీద ఆనించి బాగా సేపు కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు ఏ సీటైనా హాయిగానే ఉంటుంది. తొడల కింద ఆసరా చాలదనీ, హెడ్‌రెస్ట్ తలని ముందుకి నెడుతోందనీ ఆ తర్వాతే తెలుస్తుంది. ఇంకోటి, చక్రం సైజు చూడండి. ఒకే మోడల్‌లో 18 అంగుళాల చక్రాలవి చూడ్డానికి బాగుంటాయి, టైరు పలచన కాబట్టి గుంతలన్నీ నేరుగా వెన్నుకే తగులుతాయి. 16 అంగుళాలది తీసుకుంటే అందం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. పాత కార్లు అమ్మే పెద్ద షోరూం అది. పేరు రాయను, రాస్తే వాళ్లకి ఉచిత ప్రచారం. తోడుగా మా తమ్ముడొచ్చాడు. కార్లలో వాడికి తెలిసింది రంగూ స్పీకర్లూ. అయినా సేల్స్ అతను షేక్‌హ్యాండ్ వాడికే ఇచ్చాడు. సర్వీసు రికార్డు ఉందా అని నేనడిగితే వాడివైపు తిరిగి, "టెన్షన్ పడకండి సార్, బండిని పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు" అన్నాడు. ఎక్కడ సర్వీసు చేయించారంటే, "మేడంకి కలర్ నచ్చిందా సార్?" అన్నాడు. తమ్ముడు ఫోన్ లోంచి తలెత్తి నన్ను చూశాడు.

బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. బండి స్టార్ట్ చేయకుండా ఉంచండని ముందురోజే ఫోన్ చేసి మరీ చెప్పాను. "మీరొస్తున్నారని ఏసీ వేసి చల్లగా ఉంచాం" అట. కారు లోపల చల్లగా ఉంటే నాకేం, నాకు ఇంజను చల్లగా కావాలి. హెడ్ గ్యాస్కెట్ లోంచి కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం, సిలిండర్‌లోకి కారుతుంటే, రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున ఇంజను అందుకున్న మొదటి క్షణాల్లో గడగడా వణుకుతుంది. ఒకసారి వేడెక్కాక మామూలుగానే నడుస్తుంది. ముందే వేడి చేసి పెట్టిన బండి మంచిదో కాదో ఎవరూ చెప్పలేరు.

సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాను, వెన్ను ఏమంటుందో విందామని. కాసేపటికే అద్దం మీద టకటక. "మేడం నిద్రపోతున్నట్టున్నారు సార్" అన్నాడు తమ్ముడితో. అటుపక్క టేబుల్ దగ్గరున్న స్టాఫ్ నవ్వారు.

బ్యాగులోంచి స్కానర్ తీశాను. కారు కంప్యూటర్‌లో ఉన్నది చదివే, అరచేతిలో ఇమిడే ఓబీడీ స్కానర్, స్టీరింగ్ కింద మోకాలి పైన ఉండే పోర్టులో పెట్టి ఫోన్‌లో చూసుకునేది. అప్పటిదాకా నవ్వినవాళ్ల మొహాలు బిగుసుకున్నాయి. అది పెడితే కంప్యూటర్ పాడవుతుందన్నారు. వారంటీ పోతుందన్నారు. మేనేజర్ వచ్చి లామినేషన్ చేసిన సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. అందులో "హైబ్రిడ్ బ్యాటరీ: గుడ్" అని ఉంది. ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు, ఎంత వచ్చింది అంటే సమాధానం లేదు. గుడ్ అట! పరీక్ష రాయకుండా ఇచ్చే మార్కులా ఇది?

నేను వాదిస్తుంటే తమ్ముడికి విసుగొచ్చినట్టుంది. "అక్క పెట్టి చూసుకుంటానంటోంది కదండీ, చూసుకోనివ్వండి" అన్నాడు. "అలాగే సార్, తప్పకుండా సార్." అంతే! నేను అంతసేపు అడిగినా రాని పర్మిషన్ వాడు నోరు తెరిచిన క్షణంలో వచ్చేసింది. నిజం చెప్పాలంటే, ఆ రోజు జరిగినవాటన్నిటిలో నన్ను ఎక్కువ కాల్చింది ఇదే.

స్కానర్ పెట్టాను. ఎర్రర్ కోడ్‌లు, అంటే కారు తనలో పట్టుకున్న లోపాల గుర్తులు, ఏమీ లేవు. మేనేజర్ చిరునవ్వు నవ్వాడు. చాలామంది ఇక్కడే సంతోషంగా స్కానర్ తీసేస్తారు. తీయకండి, ఇంకో రెండు స్క్రీన్లు చూడాలి. ఒకటి, రెడీనెస్ మానిటర్లు. కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయా లేదా అన్నది అక్కడ కనబడుతుంది. రెండోది, కోడ్‌లు చెరిపేశాక బండి తిరిగిన దూరం. మానిటర్లలో చాలావాటి ఎదురుగా "పూర్తి కాలేదు" అని ఉంది. దూరం 9 కిలోమీటర్లు. లక్ష దాటిన బండికి చెరిపాక దూరం 9! అంటే నేను రావడానికి కాస్త ముందే చెరిపారన్నమాట.

చూపించాను. మేనేజర్ తడుముకోలేదు. "12 వోల్టుల చిన్న బ్యాటరీ కొత్తది వేశాం మేడం, అది విప్పితే మెమరీ రీసెట్ అవుతుంది." గమనించండి, నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. ఆ జవాబుతో నేను ఒక్క నిమిషం తికమకపడ్డాను. ఎందుకంటే అది అబద్ధమే కానక్కర్లేదు. ఆ బ్యాటరీ వైరు తీస్తే చాలా బండ్లలో నిజంగానే అవన్నీ మొదటికొస్తాయి. హైబ్రిడ్‌లో పెద్ద బ్యాటరీతో పాటు ఈ చిన్నదీ ఉంటుంది, కంప్యూటర్లని లేపేది ఇదే. ఇది నీరసిస్తే డ్యాష్‌బోర్డు మీద సంబంధం లేని లైట్లు కూడా వెలుగుతాయి. మార్చడం సహజమే.

అయితే మార్చిన బ్యాటరీ చూద్దామన్నాను. చాలా హైబ్రిడ్లలో అది బానెట్ కింద ఉండదు, వెనక ఉంటుంది. సేల్స్ అతను బానెట్ వైపు నడిచాడు. నేను డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, పక్క మూత తీశాను. బ్యాటరీ మీద దుమ్ము అట్టకట్టి ఉంది. టెర్మినల్ చుట్టూ తెల్లగా, కొంచెం పచ్చగా పొడి పేరుకుంది. బోల్టు మీద స్పానర్ ఈమధ్య తగిలిన ఆనవాలు లేదు. తేదీ ఉండాల్సిన స్టిక్కరు వెలిసిపోయి సగం ఊడింది. కొత్త బ్యాటరీ అట.

"పాతదే, ఛార్జింగ్ పెట్టి మళ్లీ వేశారేమో మేడం, వర్క్‌షాపు వాళ్లని అడగాలి" అన్నాడు మేనేజర్. సరే, మానిటర్లు పూర్తయ్యేదాకా బండి నడుపుదాం, పెట్రోలు నేనే పోయిస్తానన్నాను. కుదరదట, టెస్ట్ డ్రైవ్ ఆ వీధి చివరిదాకానేనట. ఆ కాస్త దూరంలోనే స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు గబగబా పైకెక్కి, ఏసీ వేయగానే గబగబా దిగిపోయాయి. వెనక సీటు దగ్గర ఫ్యాను హోరుమంది. అలసిపోయిన బ్యాటరీ అలాగే చేస్తుంది. ఏ కోడ్ చెరిపారో నాకు తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. చెరిపారన్నది చాలు.

బయటికొస్తుంటే సేల్స్ అతను ఇచ్చిన సలహా: "హైబ్రిడ్ మీకు కష్టం మేడం. చిన్న పెట్రోలు కారు ఆటోమేటిక్‌ది ఉంది, లేడీస్‌కి బాగా సూటవుతుంది." డిక్కీలో దాచిన బ్యాటరీని అంతకుముందే బయటపెట్టిన మనిషితో అంటున్న మాట ఇది! నేనేమీ అనలేదు. తమ్ముడు మాత్రం ఆ రోజు మొదటిసారి పనికొచ్చాడు, "మా అక్కకి కాదు, మీకు సూటవుతుందేమో చూసుకోండి" అన్నాడు.

మెకానిక్‌లని తీసుకెళ్లండి అని అందరూ రాస్తారు. ఏ మెకానిక్‌ని? నేను ఒకతన్ని ఇంకో కారు దగ్గరికి తీసుకెళ్తే, రెడీ లైటు (బండి కదలడానికి సిద్ధమని చెప్పేది) వెలిగిన కారు పక్కన చెవి పెట్టి "శబ్దం అసలు లేదు, ఇంజను సూపర్" అన్నాడు. ఇంజను అప్పుడు ఆగి ఉంది. బానెట్ కింద నారింజ రంగు వైర్లు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది తెలివైన పనే, హైవోల్టేజ్ వైర్లకే ఆ రంగు వేస్తారు. కానీ ఆ వైర్లకి భయపడే మనిషి హైబ్రిడ్‌ని పరీక్షించి ఏం చెప్తాడు? హైబ్రిడ్ టాక్సీ నడిపేవాళ్లని అడగండి, వాళ్లు ఎవరి దగ్గర చేయిస్తారో అక్కడికి వెళ్లండి. బండి ఆగితే వాళ్ల రాబడి ఆగుతుంది, కాబట్టి వాళ్లు చేతకానివాడి దగ్గరికి రెండోసారి పోరు.

చివరికి కొన్నది క్యామ్రీ హైబ్రిడ్, 2016ది, 2.5 లీటర్ల ఇంజను. రిటైరైన ఒక పెద్దాయన స్వయంగా అమ్ముకుంటున్నారు. స్టార్ట్ చేయకుండా ఉంచమంటే ఉంచారు. పొద్దున్నే వెళ్తే బానెట్ చల్లగా ఉంది, ఇంజను వణుకు లేకుండా అందుకుంది. సర్వీసు బిల్లులు తారీఖుల వరసలో ఫైల్ చేసి ఉన్నాయి. స్కానర్‌లో మానిటర్లన్నీ పూర్తి, కోడ్‌లు చెరిపాక దూరం వేల కిలోమీటర్లు. దీని బ్యాటరీలో 34 మాడ్యూళ్లు, అంటే చిన్న చిన్న బ్యాటరీ ముక్కలు. రెండేసి కలిపి ఒక బ్లాకు చొప్పున 17 బ్లాకుల వోల్టేజీ ఫోన్‌లో కనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కి చూసినా పదిహేడూ దాదాపు కలిసే దిగాయి, కలిసే ఎక్కాయి. ఏ ఒక్కటైనా మిగతావాటికన్నా ముందే కిందికి జారితే ఆ బండి వదిలేయండి. ఒక్క మాడ్యూల్ మార్చి ఇస్తామన్నా వద్దు, మిగిలిన పాతవి ఒక్కొక్కటే వరస కడతాయి.

నేను సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంటే ఆయన పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నారు. "నడుమా అమ్మా?" అన్నారు. అవునండీ అన్నాను. "నాదీ అదే. ఆ బటన్ రెండుసార్లు నొక్కు, వీపు దగ్గర ఉబ్బుతుంది" అని చూపించారు. ఎంతసేపు కూర్చున్నా ఏమనలేదు.

డబ్బు, సంతకాలు, కాగితాలు మామూలే. తెచ్చిన వారంలో చేయించినవి రాస్తాను. బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ ఒకటి ఉంటుంది. దాని కూలెంట్ ఇంజను కూలెంట్‌తో కలవదు, దానికి వేరే ట్యాంకు ఉంటుంది, రెండూ మార్పించాను. బ్రేకుల పనిలో సగం మోటారే చేస్తుంది కాబట్టి ప్యాడ్లు అరగలేదు, కానీ ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు కదలక బిగుసుకుంటాయి, వాటిని శుభ్రం చేయించి గ్రీజు పెట్టించాను. బ్యాటరీకి గాలి పీల్చే వెంటు తెరిపిస్తే పిల్లి బొచ్చు గుప్పెడు వచ్చింది. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్తే "మా పిల్లికి ఆ చోటంటే ఇష్టమమ్మా" అన్నారు. ఆ వెంటు మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది, వెనక సీట్లో దుప్పట్లూ సంచులూ పడేసే అలవాటున్నవాళ్లు చూసుకోండి.

కారు బాగుందని ఎవరన్నా అంటే తమ్ముడు "నేనే దగ్గరుండి చూశా" అంటున్నాడు. అననివ్వండి. టైర్లు మాత్రం మార్చాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు వాటి మోత మరీ వినిపిస్తోంది, మైలేజీ కోసం వేసిన గట్టి రకం. మెత్తగా, మోత లేకుండా పోయే రకానికి మైలేజీ కొంచెం తగ్గుతుందంటున్నారు. తగ్గితే తగ్గనీ, ముందు నా నడుము.