సుద్దముక్కతో గీసిన ఆ చతురస్రం

తొమ్మిదో తరగతిలో ఒకరోజు లెక్కల మాస్టారు పుస్తకం మూసేసి, నల్లబల్ల మీద చతురస్రం గీశారు. "దీని భుజం రెండడుగులు అనుకోండి. దీనికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం కావాలి, భుజం ఎంతుండాలిరా?" అని అడిగారు. నేను లేచి నాలుగండీ అన్నాను. "నాలుగు నాలుగులు పదహారు, మనక్కావలసింది ఎనిమిదే కదా!" వెనక బెంచీ నుంచి ఎవరో మూడన్నారు, అది తొమ్మిదైంది. క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడాయన మూల నుంచి మూలకి కర్ణం గీసి, దాన్నే భుజంగా తీసుకుని చూడమన్నారు.

డిగ్రీలో గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'మెనో' చదువుతుంటే ఒళ్లు జలదరించింది. దాదాపు 2400 ఏళ్ల కిందటి ఆ సంభాషణలో, మెనో అనే ఆయన ఇంట్లో బానిసగా ఉన్న కుర్రాణ్ణి ప్లేటో గురువు సోక్రటీస్ అడిగే లెక్క ఇదే, ఆ కుర్రాడు చెప్పే తప్పులూ మావే, ముందు నాలుగు, తర్వాత మూడు! కర్ణం గీసి చూపించింది సోక్రటీసేనని ఒప్పుకోవాలి. కానీ అదే జవాబని తేల్చుకున్నది మాత్రం జన్మలో రేఖాగణితం చదవని ఆ కుర్రాడు. ఆత్మ ముందే ఎరిగిన సంగతిని గుర్తు తెచ్చుకోవడమే నేర్చుకోవడం అంటాడు ప్లేటో.

మాస్టారి చతురస్రం కాస్త వంకరగా ఉండేది, అయినా లెక్క తప్పలేదు. గీసిన బొమ్మ సాయం తీసుకున్నా మన ఆలోచనంతా మనసుకి మాత్రమే కనపడే చతురస్రం గురించేనని 'రిపబ్లిక్'లో ప్లేటో రాశాడు. ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ దీనికి ఒప్పుకోడు, అలాంటి ఆకారాలు ఎక్కడో విడిగా లేవు, కళ్లముందున్న వస్తువుల్లోంచే బరువు, వేడి, చలనం లాంటివి పక్కనపెట్టి ఆకారాన్ని మాత్రమే తలుచుకుంటాం అంటాడు. నాకు ఆయన మాటే నచ్చుతుంది.

అయితే ఒక్కచోట తడబడతాను. భుజాన్నీ కర్ణాన్నీ రెంటినీ శేషం లేకుండా కొలిచే కొలత ఏదీ లేదు, ఉందనుకుంటే ఒకే సంఖ్య సరీ బేసీ రెండూ కావాల్సి వస్తుంది. ఈ నిరూపణని ప్రస్తావించిందీ అరిస్టాటిలే. కానీ ఎంత సన్నటి స్కేలు పెట్టినా తేలని ఈ సంగతి వస్తువుల్లోంచి మనకెలా తెలిసింది? అక్కడికొచ్చేసరికి మనసు మళ్లీ ప్లేటో వైపు లాగుతుంది.

తనకు తెలియదని తెలిశాక కుర్రాడు ముందుకంటే మెరుగయ్యాడని సోక్రటీస్ అంటాడు. నాకు గుర్తొచ్చేది మా క్లాసులోని ఆ నిశ్శబ్దమే. ఆరోజు వెనక బెంచీ నుంచి మూడన్నది మీలో ఎవరో గానీ, ఇది చదివితే తప్పకుండా ఫోన్ చెయ్యండి.